ఇంకా రాని గొంతు

సువార్త అగ్రిమెంటు కాగితాలను బల్లమీద పెట్టి, కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చుంది.

"మొత్తం చదవక్కర్లేదు మేడం. సంతకం ఎక్కడ పెట్టాలో వాళ్లే గుర్తు పెట్టిచ్చారు. మీరు ఒక్కసారి చూసి పర్లేదంటే, సోమవారం వైజాగ్ వెళ్లి పెట్టేసి వచ్చేస్తాం."

"పర్లేదనడానికైనా చదవాలి కదమ్మా," అంది ఇందుమతి, కళ్లజోడు తుడుచుకుంటూ.

కాకినాడలో ఆమె ఆఫీసుకి ఎక్కువగా స్థలాల తగాదాలవాళ్లే వస్తారు. వయసులో ఉన్నప్పుడు మాత్రం ఆమె చెన్నైలో పాటల హక్కుల కేసులు వాదించింది. ఎడమ చెవి వినికిడి పోయాక సొంత ఊరికి వచ్చేసింది. జగన్నాథపురం చర్చి పాస్టరుగారికి ఆ సంగతి తెలుసు. అందుకే సువార్తను ఇక్కడికి పంపారు.

సువార్తకు స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు ఉంది. ఆమె పక్కన కూర్చున్న పిల్లవాడు నతానియేలు. ఇంట్లో నాని అంటారు. పన్నెండేళ్లవాడు. నిరుడు ఒక పిల్లల సీరియల్లో వాడు పాడిన పాట ఎవరి ఫోను చూసినా మోగింది. ఆ పాట విన్నాకే విశాఖపట్నంలోని స్వరాకృతి అనే కంపెనీ వీళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

ఇందుమతి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలు చదువుతూ ఆమె తల ఊపింది. స్కూలు ఉన్న రోజుల్లో రికార్డింగు ఉండకూడదు. వాడు పాడుతున్నంతసేపూ తల్లి పక్కనే ఉండొచ్చు. గొంతు బాగోలేదని పిల్లవాడు చెబితే ఆపెయ్యాలి. ఇంత పద్ధతిగా రాసిన అగ్రిమెంటు ఆమె చెన్నైలో కూడా చాలా తక్కువ చూసింది.

"బాగానే రాశారే," అంది.

సువార్త ముఖం విప్పారింది.

చివర్లో ఒక అనుబంధం ఉంది. ఒకటే పేరా. ఇందుమతి దాన్ని చదివి, వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి చదివింది. "సదరు బాలుని స్వరబీజం నుండి ఏ వయసునకు పెంచబడిన స్వరమైననూ, దానిని పోలిన స్వరమేదైననూ, బహిరంగ వినియోగమునకు సంబంధించినంతవరకు శాశ్వతముగా సంస్థ హక్కుగా ఉండును."

"ఈ స్వరబీజం ఏంటి? పెంచిన స్వరం అంటే?"

సువార్త కొడుకు వైపు చూసి, "నానీ, కింద కొట్లో సోడా తాగి రా నాన్నా," అంది. వాడు మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఆగి చెప్పింది.

"మెడకి ఒక మెత్తటి పట్టీ కట్టి పాడిస్తారండి. లోపల గొంతు ఎలా ఉందో, పాడేటప్పుడు ఏది ఎలా కదుల్తోందో మొత్తం ఆ మిషను పట్టేస్తుంది. దాన్నే బీజం అంటున్నారు. తర్వాత ఆ గొంతుకి వయసు పెంచుకుంటూ వెళ్తారు. వీడు ఇరవై ఏళ్లకి ఎలా పాడతాడో, నలభై ఏళ్లకి ఎలా పాడతాడో ఇప్పుడే వినొచ్చు."

"మీరు విన్నారా?"

"విన్నానండి. పోయిన నెల ట్రయల్‌కని పిలిస్తే వెళ్లాం. అప్పుడు ముప్పైనాలుగేళ్లకి పెంచి వినిపించారు." సువార్త కాగితాల అంచులు సమంగా సర్దింది. "అది మా ఆయన గొంతు మేడం."

యోహాను పోర్టులో క్రేను నడిపేవాడు. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేవాడు. నాలుగేళ్ల క్రితం జ్వరమని ఆసుపత్రిలో చేరి మళ్లీ ఇంటికి రాలేదు. పోయేనాటికి అతని వయసు ముప్పైనాలుగే. అతను ఒక్కడూ పాడిన పాట ఎక్కడా లేదు. అతని ఫోను అంతకుముందే సముద్రంలో పడిపోయింది. చర్చివాళ్ల దగ్గర రికార్డులున్నాయి కానీ అందులో అందరూ కలిసి పాడతారు. అన్ని గొంతుల్లో అతని గొంతు ఎక్కడో ఉంది, విడిగా దొరకదు.

"సంతకం పెడితే మాకు ఒక చిన్న పెట్టె ఇస్తామన్నారండి. ఇంట్లో పెట్టుకోడానికి. మాట్లాడదు, పాడుతుంది అంతే. మనం ఏ పాట అడిగితే ఆ పాట, ఆ గొంతుతో." సువార్త గొంతు తగ్గింది. "డబ్బు కోసం కాదు మేడం. మీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు."

ఇందుమతి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. ఇన్నేళ్లలో ఆమె దగ్గరికి అగ్రిమెంట్లు తెచ్చినవాళ్లు ఎక్కువ డబ్బు కోసమో, తొందరపడో, భయపడో తెచ్చారు. ఇలా ఎవరూ తేలేదు.

"సువార్తగారూ, ఇది చదివి నాకు అర్థమైంది చెప్తాను. రేపు నాని పెద్దవాడై, వాడి గొంతు ఆ మిషను గొంతులాగే ఉంటే, వాడు నలుగురి ముందు మైకు పట్టుకోవాలన్నా వీళ్లని అడగాలి. పద్దెనిమిది నిండాక వాడి తరఫున మీరిచ్చిన మాట కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. కానీ దానికోసం వాడు కోర్టుల చుట్టూ తిరగాలి."

"చర్చిలో పాడుకోవచ్చన్నారండి."

"సొంత గొంతుతో పాడుకోడానికి వీళ్లు ఒప్పుకోడమేంటమ్మా?"

సువార్త తల దించుకుంది. ఇందుమతి కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"సోమవారం నేనూ వస్తాను. ఆ మిషను ఏం చేస్తోందో కళ్లారా చూడకుండా సంతకం పెట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను."

*

ఆదివారం ప్రార్థన అయ్యాక సువార్త ఇంటి ముందరి షాపులో కూర్చుని చొక్కాలకు కాలర్లు కుడుతోంది. ఇంటి వెనకనుంచి ఏదో మూలుగులాంటి శబ్దం వినిపించింది. మిషను ఆపి వెళ్లి చూసింది. నాని నీళ్ల తొట్టి పక్కన నిలబడి, గడ్డాన్ని ఛాతీకి ఆనించి, గొంతును బలవంతంగా కిందికి దించి పాడుతున్నాడు.

"ఏంట్రా అది?"

"ప్రాక్టీసు."

"ఏం ప్రాక్టీసు?"

"నాన్న గొంతు." వాడు సిగ్గుపడుతూ నవ్వాడు. "ఆ మిషను పాడింది కదా, నేనెందుకు పాడలేను?"

ఆపమని చెప్పాల్సిన చోట సువార్త తొట్టి గట్టు మీద కూర్చుంది. "ఏదీ, మళ్లీ పాడు," అంది.

వాడు పాడాడు. వాడి చిన్నప్పుడు యోహాను సొంతంగా కట్టిన జోలపాట అది. నీళ్ల మీద ఊగే పడవా, కళ్లు మూసి నిద్దరోవా. రెండే లైన్లు. అతను వాటినే తిప్పి తిప్పి పాడేవాడు.

"ఇంకొంచెం కిందికి," అంది సువార్త.

వాడు ఇంకొంచెం దించాడు. మెడమీద నరాలు ఉబ్బాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క మాట దగ్గర ఆమెకు పోలిక తగిలినట్టనిపించింది. మళ్లీ అడిగింది. వాడు మళ్లీ పాడాడు. అలా ఎంతసేపు అడిగిందో ఆమెకే తెలియలేదు. అన్నాలవేళకు వాడు "అమ్మా, పెరుగు" అనబోతే గాలి తప్ప మాట రాలేదు.

సువార్త ఉప్పునీళ్లు కాచి పుక్కిలించమంది. తేనె నాకించింది. వాడు బాగానే ఉందన్నట్టు చేత్తో సైగ చేసి, కంచం ముందుకు లాక్కున్నాడు. వాడు తినడం చూస్తూ ఆమె తన అన్నం కలిపి కూడా ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది.

*

స్వరాకృతి ప్రయోగశాల రుషికొండ దాటాక ఒక గుట్టమీద ఉంది. గాజు తలుపులోంచి సముద్రం కనబడుతుంది కానీ చప్పుడు లోపలికి రాదు. గోడలకు మందంగా దూదిలాంటిది అతికించారు.

వాళ్లను లోపలికి తీసుకెళ్లింది డాక్టర్ నస్రీన్. స్వరబీజం ఆమె కనిపెట్టినదే. గొంతు క్యాన్సరుతో మాట పోయినవాళ్లకు వాళ్ల పాత గొంతు తిరిగి ఇవ్వాలని మొదలుపెట్టిందట. పరిశోధనకు డబ్బు ఈ కంపెనీ పెట్టింది. పాటలవైపు తిప్పింది కూడా ఈ కంపెనీయే. ఆ మాట ఆమె ఇందుమతితో నడుస్తూ నడుస్తూ మామూలుగా చెప్పేసింది. ఒప్పందాల వ్యవహారం చూసే అభినవ్ అనే యువకుడు వెనకే వచ్చాడు.

నస్రీన్ నాని మెడకు పట్టీ కట్టింది. ఎదురుగా ఉన్న తెరమీద వాడి గొంతు లోపలి బొమ్మ వచ్చింది. దాన్ని చూడగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"స్వరతంత్రులు వాచి ఉన్నాయి. పోయిన నెల ఇలా లేవు. అరిచావా నాన్నా? మ్యాచ్ ఏమన్నా చూశావా?"

నాని అడ్డంగా తలూపాడు. సువార్త నేలవైపు చూస్తోంది.

"ఎవరన్నా పాడించారా?"

"ఎవరూ పాడించలేదు," అన్నాడు నాని బొంగురు గొంతుతో. "నేనే."

సువార్తకు కళ్లు మండాయి. వాడు తనను కాపాడుతున్నాడు. పన్నెండేళ్లవాడు, తల్లిని.

"ఇవాళ వీడు పాడకూడదు," అంది నస్రీన్, పట్టీ విప్పేస్తూ. "ఒక వారం మాట్లాడకపోతే ఇంకా మంచిది. పాత బీజం ఉంది కదా, దాంతోనే చూపిస్తాను."

ఆమె ట్రయల్‌రోజు నాని పాడిన జోలపాటను పెట్టింది. ముందు వాడి మామూలు గొంతు వచ్చింది, పలచగా, తేటగా. తర్వాత నస్రీన్ తెరమీద వయసు గీతను మెల్లగా కుడివైపుకు జరిపింది. పద్నాలుగు దగ్గర గొంతు గరగరలాడింది. ఇరవై దగ్గర సర్దుకుంది. ముప్పై దాటాక గదిలో ఒక నిండు మగగొంతు నిలబడి పాడుతోంది.

ఇందుమతి కుడిచెవి అటు తిప్పి విన్నది. ఆమెకు యోహాను గొంతు తెలియదు, పోలిక పట్టుకునే అవకాశం లేదు. అందుకే ఆమె సువార్తను చూసింది. సువార్త కళ్లు మూసుకుని ఉంది. చెయ్యి తనకు తెలియకుండానే ఒక పక్కనున్న ఖాళీ కుర్చీ చేతిమీదికి వెళ్లి అక్కడ ఆగింది. ఇంకో పక్కన నాని తల్లిని చూస్తున్నాడు. వాడి ముఖంలో సంతోషం లేదు. పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న పిల్లాడిలా ఉన్నాడు.

పాట ఆగింది.

"డాక్టరుగారూ," అంది ఇందుమతి, "వీడికి ముప్పైనాలుగేళ్లు వచ్చేసరికి కచ్చితంగా ఇదే గొంతు వస్తుందా?"

నస్రీన్ జవాబు చెప్పేలోపు అభినవ్ అందుకున్నాడు. "చాలా దగ్గరగా వస్తుంది మేడం. మా అంచనాలు—"

"ఆవిణ్ని అడిగాను బాబూ."

నస్రీన్ ఒక్క క్షణం అభినవ్ వైపు చూసి, తర్వాత తెరవైపు తిరిగింది. "కచ్చితంగా అని చెప్పలేను. ఇప్పటి గొంతు మనకు తెలుసు. ఎముక ఎంత పెరుగుతుంది, తంత్రులు ఎంత మందమవుతాయి, ఇవి తెలియవు. తిండి, జబ్బులు, వాడు ఎంత మాట్లాడతాడు, ఎవరితో మాట్లాడతాడు, అన్నీ కలిసి గొంతు తయారవుతుంది. ఎటు పెంచాలో తెలియనప్పుడు మిషనుకి ఒక దారి చూపించాలి. కుటుంబంలో పెద్దవాళ్ల గొంతు ఉంటే అది ఇస్తాం."

"మరి ఇందులో ఎవరి గొంతు ఇచ్చారు?"

"చర్చి బృందం రికార్డు. తల్లిగారు పంపించారు కదా."

సువార్త కళ్లు తెరిచింది. "సరదాగా వింటాం పంపించమన్నారండి," అంది అభినవ్‌ను చూస్తూ. "నేను పంపించాను."

"అందరి గొంతుల్లోంచి వీడి గొంతుకి దగ్గరగా ఉన్నదాన్ని మిషను పట్టుకుంది," అంది నస్రీన్. "దానివైపు పెంచింది. ఈ సంగతి మీకు ముందే చెప్పి ఉంటారనుకున్నాను."

అభినవ్ చేతిలోని ట్యాబును అటూ ఇటూ తిప్పాడు.

"ఆ రికార్డు తీసేసి పెంచగలరా?" అంది ఇందుమతి.

"పెంచొచ్చు. ప్రతిసారీ వేరేగా వస్తుంది."

"పెంచండి."

నస్రీన్ మళ్లీ నొక్కింది. ఈసారి వచ్చింది సన్నటి, కాస్త ముక్కుతో పలికే గొంతు. మళ్లీ నొక్కింది. బరువైన గొంతు, గుండ్రాళ్లు దొర్లినట్టు. ఇంకోసారి. కీచుగా ఉండి పైస్థాయిలో హాయిగా తిరిగే గొంతు. అన్నీ ముప్పైనాలుగేళ్ల నానివే. అన్నీ అదే జోలపాట పాడాయి. వాటిలో ఒక్కటి కూడా యోహానుది కాదు.

సువార్త ప్రతి గొంతూ చివరిదాకా విన్నది. మొదటివాటికి ఆమె ముఖం వాడిపోయింది. ఎవరో పరాయి మగవాళ్లు వరసగా వచ్చి తన భర్త పాట పాడి పోతున్నట్టుంది. ఆ తర్వాత ఆమె నానివైపు చూసింది. వాడు కుర్చీలోంచి ముందుకు వంగి, నోరు తెరుచుకుని వింటున్నాడు.

"వీటిల్లో నాకేది వస్తుంది ఆంటీ?" అని అడిగాడు నస్రీన్‌ను.

"తెలీదు నాన్నా. ఇవేవీ కాకుండా ఇంకోటి కూడా రావచ్చు."

"అంటే నిజంగా ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ తెలీదు."

వాడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ రోజు పొద్దున్నుంచి వాడి భుజాలు పైకెత్తి ఉన్నాయని, అవి కిందికి దిగాకే ఇందుమతి గమనించింది.

అభినవ్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఒక విషయం. అనుబంధం లేకుండా అగ్రిమెంటు కుదరదు. పిల్లల గొంతు ఎన్నాళ్లుంటుంది చెప్పండి? మా పెట్టుబడి అంతా తర్వాతి గొంతుల మీదే. వద్దనుకుంటే మేం ఇంకో పిల్లాణ్ని చూసుకుంటాం. పెట్టె కూడా ఉండదు."

ఇందుమతి ఏదో అనబోయి ఆగింది. ఇది తను చెప్పాల్సిన మాట కాదు.

సువార్త కదలకుండా కూర్చుంది. ఇంట్లో బీరువా పక్కన ఆ పెట్టె ఎక్కడ పెట్టాలో కూడా ఆమె అనుకుని ఉంది. దుమ్ము పడకుండా కప్పడానికి ఒక గుడ్డ కూడా కుట్టింది, అంచుకి లేసు వేసి.

నాని ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. వారంపాటు మాట్లాడొద్దన్న సంగతి మర్చిపోయి గుసగుసగా అడిగాడు.

"అమ్మా, నాకు ఆ గొంతు రాకపోతే నీకు కోపం వస్తుందా?"

సువార్త ఉలిక్కిపడి వాడి ముఖం చూసింది. వాడు నిజంగానే అడుగుతున్నాడు. నెలరోజులుగా వాడు ఈ భయం మోస్తూ తిరిగాడని, దాన్ని వాడి నెత్తిన పెట్టింది తానేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. వాడిని దగ్గరికి లాక్కుని, తలను గట్టిగా గుండెకు అదుముకుంది.

"నాకెందుకురా కోపం? నీకేదొస్తే అదే. కాకిలాగా వచ్చినా సరే." ఆమె తలెత్తింది. "వద్దండి. మేం సంతకం పెట్టం."

"ఒకసారి ఆలోచించుకోండమ్మా. పిల్లాడి భవిష్యత్తు—" అన్నాడు అభినవ్.

"దాని గురించే చెప్తున్నాను బాబూ."

ఇందుమతి సంచి భుజాన వేసుకుంది. వెళ్లబోతూ, వెళ్లడానికి ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉందని ఆగింది. "డాక్టరుగారూ, ట్రయల్ కోసం తీసుకున్న బీజం మీ దగ్గర ఉంది. దాని సంగతి?"

"అది కంపెనీ దగ్గర భద్రంగానే ఉంటుంది," అన్నాడు అభినవ్.

"అగ్రిమెంటు కుదరకపోతే సంరక్షకులు అడిగిన వెంటనే చెరిపెయ్యాలి," అంది నస్రీన్. గొంతు పెంచకుండానే అంది. "ట్రయల్ అనుమతిలో ఆ షరతు పెట్టించింది నేనే. అది లేకపోతే పిల్లల మీద ప్రయోగం చెయ్యనని అప్పుడే చెప్పాను. పెంచిన గొంతులు కూడా అందులోకే వస్తాయి."

అభినవ్ ఆమెను చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. కాసేపటికి అతను ఫోను చూసుకుంటూ, ఎవరికో కాల్ చెయ్యాలన్నట్టుగా బయటికి వెళ్లిపోయాడు.

"అయితే ఆ ముప్పైనాలుగేళ్ల గొంతు కూడా పోతుందా?" అంది సువార్త.

"పోతుంది. మళ్లీ రాదు." నస్రీన్ ఆమె పక్కన కూర్చుంది. "చెరిపేముందు ఒకసారి వింటారా?"

సువార్త కొడుకును చూసింది.

"విను అమ్మా," అన్నాడు నాని. "నేను బయట సముద్రం చూస్తుంటాను." ఇందుమతి వాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

గదిలో పాట మొదలైంది. ఈసారి సువార్త కళ్లు మూసుకోలేదు. ఆఖరిసారి కాబట్టి ఒక్క అక్షరం కూడా జారిపోకూడదని ప్రతి మాటా పట్టుకుని విన్నది. నీల్ల మీద ఊగే పడవా. ఆమె ముందుకు వంగింది. కల్లు మూసి నిద్దరోవా.

"ఇంకోసారి పెట్టండి," అంది.

నీల్ల మీద. కల్లు మూసి.

నానికి 'ళ' పలకదు. చిన్నప్పటినుంచీ అంతే. యోహాను మాత్రం బృందంలో ఎవరైనా 'ళ'కు బదులు 'ల' అంటే పాట ఆపించి, నాలుక మడిచి చూపించి, సరిగ్గా వచ్చేదాకా అనిపించేవాడు. వాళ్లలో పెద్దాయన ఒకాయన దానికి అలిగి ఒక నెల చర్చికి రావడమే మానేశాడు. అలాంటి మనిషి, చచ్చినా, నీల్లు అని పాడడు.

సువార్తకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే కన్నీళ్లూ వచ్చాయి, రెండూ కలిసిపోయాయి. నస్రీన్ గ్లాసుతో మంచినీళ్లు అందించింది.

"ఆయన కాదండి," అంది సువార్త, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "మా నానిగాడే. వాళ్ల నాన్న చొక్కా వేసుకుని నిలబడ్డాడు."

నస్రీన్ తెరమీద గుర్తు చూపించింది. సువార్త వేలితో తనే నొక్కింది. గొంతు లోపలి బొమ్మ మెల్లగా పలచబడి, తెర ఖాళీ అయింది. నస్రీన్ ఆమె ముందే రెండో చోట, మూడో చోట ఉన్న నకళ్లు కూడా తీసేసి, తీసేసినట్టు కాగితం రాసి, బయటికొచ్చి ఇందుమతికి ఇచ్చింది.

*

తిరుగు ప్రయాణంలో అన్నవరం దగ్గర బస్సు ఆగినప్పుడు ముగ్గురూ దిగి వేడివేడి పునుగులు తిన్నారు. నాని మాట్లాడకూడదు కాబట్టి ఇంకో ప్లేటు కావాలని వేళ్లతో, కళ్లతో, చివరికి ప్లేటు నాకి చూపించి మరీ అడిగాడు. ఇందుమతి పడీపడీ నవ్వింది. బస్సు కదిలాక సువార్త కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. తుళ్లిపడకుండా, కలవరించకుండా ఊరు వచ్చేదాకా పడుకుంది.

"మేడంగారూ, మీకు ఎంతివ్వాలండి?" అంది దిగేటప్పుడు.

"మా మనవరాలికి బళ్లో చేరడానికి యూనిఫారం కావాలి. కాస్త వదులుగా కుట్టిపెట్టండి, ఎదిగే పిల్ల."

వారం గడిచాక నాని గొంతు తేరుకుంది. రెండు నెలల తర్వాత రాజమండ్రిలో ఒక చిన్న స్టూడియో వాడితో పిల్లల పాటలు పాడిస్తామని వచ్చింది. వాళ్ల అగ్రిమెంటు ఒక్క పేజీ. ఇందుమతి కాఫీ తాగుతూ చదివింది. ఇప్పుడు పాడిన పాటలు స్టూడియోవి, పాడినవాడికి ఇంత భాగం, అంతే. వాడికి ముందుముందు వచ్చే గొంతు ఊసే అందులో లేదు. ఒక చోట "అన్ని విధాల స్వర వినియోగం" అని ఉంటే, దాన్ని కొట్టేసి "ఈ పాటలు మాత్రమే" అని రాయించింది. స్టూడియో యజమాని అభ్యంతరం చెప్పలేదు. అసలు ఆ ముక్క ఎక్కణ్నుంచి వచ్చిందో తనకే తెలియదని, ఏదో పాత కాగితం చూసి రాయించానని అన్నాడు.

సువార్త అక్కడే సంతకం పెట్టింది. నాని ఆ వేసవంతా పాడాడు. చివరి పాట దగ్గర పైస్థాయి అందక రెండుసార్లు జారిపోయాడు. "ఇంక చాల్లే, గొంతు మారుతోంది," అని స్టూడియో అతను వాడి వీపు తట్టి పంపించాడు. సువార్తకు బాధ కలగలేదు. ఇంటికొచ్చి లేసు అంచు గుడ్డను కుట్టుమిషను మీద కప్పింది, బాగా సరిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు వాడు ఎక్కువ మాట్లాడలేదు. మాట మధ్యలో ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంటే స్నేహితులు ఏడిపిస్తున్నారని విసుక్కునేవాడు. జలుబు చేసి ఇంకొన్ని రోజులు అసలు నోరే విప్పలేదు.

ఒక ఉదయం సువార్త వంటింట్లో పులుసు పోపు పెడుతోంది. వీధి తలుపు దగ్గర అలికిడైంది. ఆ వెంటనే ఒక మగగొంతు వినిపించింది. మరీ లావు కాదు, మరీ సన్నం కాదు, కొంచెం నిద్రమత్తుగా, అంచుల్లో బొంగురు తేలుతూ ఉంది. ఆ గొంతును ఆమె ఎక్కడా వినలేదు. యోహానుది కాదు. ప్రయోగశాలలో వరసగా విన్న గొంతుల్లోదీ కాదు. బట్టలు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి అనుకుంది.

"ఎవరండీ?" అని కేకేసింది. "కూర్చోండి, వస్తున్నాను."

అవతల ఎవరో ఆపుకోలేక నవ్వారు.

సువార్త గరిటె పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది. నాని స్కూలు సంచి భుజాన వేసుకుని, గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"కూర్చోమన్నారు కదండీ," అన్నాడు ఆ కొత్త గొంతుతో. "కుర్చీ వెయ్యండి మరి."